కాగితం ఎక్కడ పుట్టింది, ఎందుకు తెల్లగా ఉంటుంది: తరచుగా అడిగే ప్రశ్నలు

కాగితం గురించి మాట వచ్చిన ప్రతిసారీ దాదాపు అవే సందేహాలు ఎదురవుతాయి. బడిపిల్లలు అడిగేవీ అవే, పాత పుస్తకాలు దాచుకునే పెద్దలు అడిగేవీ అవే. అందుకే వాటిని ఒకచోట చేర్చి, జవాబులు రాశాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు. ఒక జవాబు అర్థం కావడానికి ఇంకొకటి చదవాల్సిన పని లేదు.

## కాగితం రాకముందు

కాగితం లేనప్పుడు మనుషులు దేనిమీద రాసేవాళ్లు?

చేతికి ఏది దొరికితే దానిమీద రాశారు. మెసొపొటేమియాలో తడి మట్టి పలకలు, ఈజిప్టులో పాపిరస్, మన దేశంలో తాటాకులు, హిమాలయాల వైపు భూర్జపత్రాలు, పశ్చిమాసియాలో, యూరప్‌లో జంతువుల చర్మం, చైనాలో వెదురు బద్దలు, పట్టుబట్ట. ప్రతిదానికీ ఏదో ఒక ఇబ్బంది ఉండేది. వెదురు బద్దలు మోయలేనంత బరువు. పట్టు చాలా ఖరీదు. చర్మం కావాలంటే జంతువును చంపాలి. తాటాకు ఎంత వెడల్పు ఉంటే అంతే, దాన్ని పెంచలేం. తేలిగ్గా ఉండి, చవగ్గా దొరికి, ఎంత కావాలంటే అంత చేసుకోగలిగే వస్తువు అప్పటికింకా లేదు.

పాపిరస్ కూడా కాగితమే కదా? పేపర్ అనే మాట దాన్నుంచే వచ్చిందంటారు!

మాట దాన్నుంచే వచ్చింది. వస్తువు మాత్రం వేరు. పాపిరస్ అనే నీటిమొక్క కాడను పలుచని పట్టీలుగా చీల్చి, ఒక వరస నిలువుగా, ఒక వరస అడ్డంగా పేర్చి, నొక్కి ఆరబెడితే ఈజిప్టువాళ్ల రాత పత్రం తయారయ్యేది. అందులో మొక్క పట్టీలు పట్టీలుగానే ఉంటాయి. కాగితంలో అలా ఉండదు. మొక్కను నానబెట్టి, ఉడికించి, దంచి, పీచు దేనికది విడిపోయేదాకా చేసి, ఆ పీచును నీళ్లలో కలిపి, జల్లెడలాంటి తెరమీద పలుచగా పట్టి, ఆరబెట్టాలి. విడిపోయిన పీచు నీళ్లలోంచి మళ్లీ కలిసి పొరగా ఏర్పడితేనే అది కాగితం. ఈ లెక్కన తాటాకు కాగితం కాదు, తోలు పత్రం కూడా కాదు.

మరి కాగితం అనే మన మాట ఎక్కడిది?

పారశీకంలోని కాగజ్ నుంచి వచ్చింది. హిందీలో కాగజ్, మరాఠీలో కాగద్, కన్నడలో కాగద, తమిళంలో కాగిదం అన్నీ ఒకే కుటుంబం. మధ్య ఆసియా, పర్షియాల మీదుగా ఈ వస్తువు మన దేశానికి వచ్చిందని ఆ మాటే చెబుతోంది.

## పుట్టుక

కాగితం కనిపెట్టింది త్సాయ్ లున్ అని చదువుకున్నాం. అది నిజమేనా?

సగం నిజం. త్సాయ్ లున్ చైనాలో తూర్పు హాన్ వంశపు చక్రవర్తి కొలువులో అధికారి. చెట్టు బెరడు, జనపనార లాంటి హెంప్ నార, పాత గుడ్డపేలికలు, పాడైపోయిన చేపల వలలు కలిపి కాగితం చేసే పద్ధతిని 105లో చక్రవర్తికి విన్నవించాడని ఆ వంశ చరిత్ర గ్రంథం చెబుతుంది. అందుకే పాఠ్యపుస్తకాల్లో ఆ సంవత్సరం స్థిరపడిపోయింది.

కానీ కాగితం అంతకంటే పాతది. చైనాలోని గాన్సు ప్రాంతంలో ఫాంగ్‌మాతాన్ అనే చోట ఒక సమాధిలో కాగితం ముక్క దొరికింది. దానిమీద పటం గీతలున్నాయి. అది క్రీస్తుపూర్వం 2వ శతాబ్దం నాటిది. అంటే త్సాయ్ లున్‌కు రెండు వందల ఏళ్లకు పైగా ముందే ఎవరో పేరు తెలియని చేతులు కాగితం చేశాయి.

అంతమాత్రాన త్సాయ్ లున్ గొప్పతనం తగ్గదని నా అభిప్రాయం. అంతకుముందు కాగితం గరుకుగా ఉండేది, వస్తువులు చుట్టడానికి కూడా వాడేవారు. ఎక్కడైనా దొరికే చవక సరుకుతో, రాయడానికి పనికొచ్చేలా, మళ్లీ మళ్లీ ఒకేలా చేయగల పద్ధతిగా దాన్ని తీర్చి, రాజ్యమంతా వాడేలా చేసింది ఆయనే. చివరికి ఆ కొలువులోని రాజకీయాలే ఆయన్ను బలి తీసుకున్నాయి. 121లో విషం తాగి ప్రాణం తీసుకున్నాడు.

కందిరీగ గూడు చూసి కాగితం చేయడం నేర్చుకున్నారట కదా?

చైనాలో కాగితం అలా పుట్టిందనడానికి ఆధారం లేదు. కానీ కందిరీగ ఈ కథలో నిజంగానే ఉంది, కాకపోతే చాలా ఆలస్యంగా వస్తుంది. ఫ్రెంచి శాస్త్రవేత్త రెయామ్యూర్ 1719లో ఒక విషయం గమనించి ఫ్రాన్స్ సైన్స్ అకాడమీకి చెప్పాడు: కొన్ని కందిరీగలు ఎండిన కర్రను గీకి, నమిలి, లాలాజలంతో కలిపి, కాగితంలాంటి గూడు కడుతున్నాయి. గుడ్డపేలికలు లేకుండా కర్రతోనే కాగితం చేయొచ్చు కదా అన్నది ఆయన ఆలోచన. ఆయన చేసి చూపించలేదు. కర్ర కాగితం మిల్లులకు రావడానికి ఇంకో నూటపాతికేళ్లు పట్టింది.

జిగురు వేయకుండా పీచు ఎలా అతుక్కుంటుంది?

నాకు కాగితంలో అన్నిటికంటే ఇష్టమైన విషయం ఇదే. మొక్క పీచు సెల్యులోజ్‌తో తయారవుతుంది. సెల్యులోజ్ అణువుల పొడవునా ఆక్సిజన్, హైడ్రోజన్ జంటలు ఉంటాయి. వాటికి నీళ్లంటే ప్రీతి, ఒకదానికొకటి అన్నా అంతే ప్రీతి. గుజ్జును దంచినప్పుడు పీచు చివరలు, అంచులు విచ్చుకుని సన్నటి వెంట్రుకల్లా లేస్తాయి. తడి ఆరుతున్నకొద్దీ మిగిలిన నీటిపొర ఆ పీచును దగ్గరికి లాగుతుంది. నీళ్లు పూర్తిగా పోయేసరికి పీచుకూ పీచుకూ మధ్య హైడ్రోజన్ బంధాలు పడతాయి. ఒక్కో బంధం బలహీనమే, కానీ లెక్కలేనన్ని ఉంటాయి.

కాగితాన్ని నీళ్లలో ముంచితే చిరిగిపోయేదీ ఇందుకే. నీళ్లు ఆ బంధాల మధ్యలో దూరి వాటిని విడదీస్తాయి. పాత కాగితాన్ని నానబెట్టి మళ్లీ కాగితం చేయగలుగుతున్నదీ ఇందుకే.

## ప్రపంచమంతా పాకిన దారి

చైనాలో పుట్టింది మన దాకా, యూరప్ దాకా ఎలా వచ్చింది?

నెమ్మదిగా, వెయ్యేళ్లకు పైగా నడిచి వచ్చింది. తూర్పున కొరియాకు వెళ్లింది. అక్కడి నుంచి ఒక బౌద్ధ భిక్షువు 610లో జపాన్‌కు ఈ విద్య తీసుకెళ్లాడని జపాన్ చరిత్ర గ్రంథం చెబుతుంది. పడమరన పట్టుదారి వెంబడి వర్తకులు, భిక్షువులు మోసుకెళ్లారు.

751లో తలాస్ నది దగ్గర అరబ్బులకు, చైనా సైన్యానికి యుద్ధం జరిగిందని, పట్టుబడ్డ చైనా సైనికుల్లో కాగితం చేసేవాళ్లు ఉన్నారని, వాళ్లే సమర్‌ఖండ్‌లో ఆ పని నేర్పారని ఒక కథ బాగా ప్రచారంలో ఉంది. కథ బాగుంది కానీ దాన్ని మొత్తంగా నమ్మక్కర్లేదు. మధ్య ఆసియాలోని సోగ్డియా ప్రాంతపు వర్తకులు 4వ శతాబ్దం మొదట్లోనే కాగితం మీద రాసుకున్న ఉత్తరాలు చైనాలోని తున్‌హువాంగ్ దగ్గర 1907లో దొరికాయి. అంటే మధ్య ఆసియావాళ్లకు కాగితం యుద్ధానికి చాలా ముందే తెలుసు.

8వ శతాబ్దం చివరికి బాగ్దాద్‌లో కాగితం తయారవుతోంది. 12వ శతాబ్దంలో స్పెయిన్‌లోని షాటివా, 13వ శతాబ్దంలో ఇటలీలోని ఫాబ్రియానో, 1390లో జర్మనీలోని న్యూరెంబర్గ్, 1690లో అమెరికాలోని ఫిలడెల్ఫియా. మన దేశంలో 15వ శతాబ్దపు కాశ్మీర్ కాగితానికి మంచి పేరుండేది.

యూరప్‌వాళ్లు మొదట్లో కాగితాన్ని నమ్మలేదంటారు. ఎందుకు?

నిలవదని భయం. 1231లో పవిత్ర రోమన్ చక్రవర్తి రెండవ ఫ్రెడరిక్ ప్రభుత్వ పత్రాలను కాగితం మీద రాయకూడదని, తోలు పత్రం మీదే రాయాలని చట్టం చేశాడు. అరబ్బులు కాగితానికి గంజి పట్టించేవారు. చల్లటి, తేమ ఎక్కువగా ఉండే చోట ఆ గంజికి బూజు పట్టేది. ఫాబ్రియానో పనివాళ్లు గంజి బదులు జంతువుల చర్మం, గిట్టలు ఉడికించి తీసిన జెలటిన్ పూశారు. దాంతో కాగితం గట్టిపడింది, పక్షి ఈకతో గీరినా ఇంకు పాకలేదు. దంచడానికి నీటిచక్రంతో ఆడే సుత్తులు పెట్టారు. 1282 నాటికి కాగితంలో వాటర్‌మార్క్ కూడా వేస్తున్నారు. తెరమీద తీగను ఆకారంగా వంచి కుట్టేవారు. ఆ తీగ ఉన్నచోట గుజ్జు పలుచగా పడి, వెలుతురుకు పెడితే బొమ్మ కనిపించేది.

అచ్చుయంత్రం వచ్చాక వాదన ముగిసిపోయింది. 1455 ప్రాంతంలో గూటెన్‌బర్గ్ అచ్చువేసిన బైబిల్ ప్రతుల్లో ఎక్కువ భాగం కాగితం మీదే. తోలు మీద వేసిన ఒక్కో ప్రతికి వందకు పైగా దూడల చర్మాలు కావలసి వచ్చేవి.

పాత గుడ్డలతో కాగితం చేసేవాళ్లన్నది నిజమేనా?

నిజమే. యూరప్‌లో సుమారు ఆరు వందల ఏళ్లు కాగితమంటే గుడ్డపేలికల కాగితమే. నార బట్టలు, తర్వాత నూలు బట్టలు చిరిగి వాడటానికి పనికిరాకుండా పోయాక ఏరుకుని, రంగుల వారీగా విడదీసి, గుట్టలుగా పోసి తడిపి కుళ్లనిచ్చి, దంచేవారు. ఉతికి ఉతికి మెత్తబడ్డ బట్టలో పీచు సగం విడిపోయే ఉంటుంది కాబట్టి అది మంచి సరుకు.

అప్పట్లో కాగితం రంగు పేలిక రంగును బట్టి ఉండేది. తెల్లటి పేలికలు రాసే కాగితానికి, నీలిరంగువి నీలి కాగితానికి, పాత తాళ్లు, తెరచాపలు గోధుమరంగు పొట్లాల కాగితానికి వెళ్లేవి. వెనిస్ ప్రచురణకర్త ఆల్డస్ మనూషియస్ 1514లో కొన్ని ప్రతులను కావాలనే నీలి కాగితం మీద అచ్చువేశాడు. తెల్ల పేలికలు తక్కువగా దొరికేవి, అందుకే తెల్ల కాగితం ఖరీదైనది. తెలుపంటే నాణ్యత అన్న నమ్మకం ఆ రోజుల్లోనే బలపడిందనిపిస్తుంది.

## చెట్టు నుంచి కాగితం దాకా

చెట్లను నరికి కాగితం చేయడం ఎప్పుడు మొదలైంది?

1840ల్లో. దానికి ముందు జరిగింది తెలిస్తే కారణం అర్థమవుతుంది. ఫ్రాన్స్‌లో లూయి నికొలా రొబేర్ 1799లో కాగితాన్ని ఆగకుండా పొడవాటి చుట్టలా తీసే యంత్రానికి పేటెంట్ తీసుకున్నాడు. ఇంగ్లండ్‌లో ఫోర్‌డ్రినియర్ సోదరులు డబ్బు పెట్టగా, బ్రయన్ డాంకిన్ అనే ఇంజనీరు దాన్ని పనికొచ్చే యంత్రంగా తీర్చాడు. అప్పటిదాకా ఒక్కో కాగితాన్ని చేత్తో ముంచి తీసేవారు. యంత్రం వచ్చేసరికి, కాగితానికి వాడే పాత గుడ్డపేలికలు చాలలేదు.

జర్మనీలో ఫ్రీడ్‌రిష్ కెల్లర్ కర్రను తిరిగే రాయికి ఆనించి, నీళ్లు పోస్తూ అరగదీసి గుజ్జు తీశాడు. అదే కాలంలో కెనడాలోని నోవా స్కోషియాలో చార్లెస్ ఫెనర్టీ కర్రతో కాగితం చేసి, 1844లో ఒక పత్రికకు నమూనా పంపాడు. ఇద్దరికీ ఒకరి సంగతి ఒకరికి తెలియదు. కొన్ని దశాబ్దాల్లో వార్తాపత్రికలు కర్ర గుజ్జుకు మారిపోయాయి, ధరలు పడిపోయాయి.

మెకానికల్ గుజ్జు, కెమికల్ గుజ్జు అంటే ఏంటి తేడా?

కర్రలో సుమారు 40 నుంచి 45 శాతం సెల్యులోజ్, 20 నుంచి 30 శాతం లిగ్నిన్ ఉంటాయి. లిగ్నిన్ అంటే పీచును ఒకదానికొకటి పట్టి ఉంచే సిమెంటు లాంటిది. చెట్టు నిటారుగా నిలబడేది దానివల్లే. కర్రకు గోధుమరంగు వచ్చేదీ ఎక్కువగా దానివల్లే.

మెకానికల్ పద్ధతిలో కర్రను అరగదీస్తారు. లిగ్నిన్ అందులోనే ఉండిపోతుంది. కర్ర బరువులో 90 శాతానికి పైగా గుజ్జుగా వస్తుంది కాబట్టి చవక. పీచు ముక్కలైపోతుంది కాబట్టి బలం తక్కువ. కెమికల్ పద్ధతిలో కర్ర ముక్కలను రసాయనాలతో అధిక ఒత్తిడిలో ఉడికించి లిగ్నిన్‌ను కరిగించేస్తారు. బరువులో దాదాపు సగమే మిగులుతుంది కానీ పీచు పొడుగ్గా, బలంగా ఉంటుంది. ఇందులో ఇప్పుడు ఎక్కువగా నడుస్తున్నది జర్మనీకి చెందిన కార్ల్ డాల్ 1884లో పేటెంట్ తీసుకున్న క్రాఫ్ట్ పద్ధతి. జర్మన్‌లో క్రాఫ్ట్ అంటే బలం. ఉడికించగా మిగిలిన నల్లటి ద్రవాన్ని మిల్లులోనే మండించి ఆవిరి, కరెంటు తీసుకుంటారు, రసాయనాలను తిరిగి రాబట్టుకుంటారు.

చెట్లు కాకుండా వేరేవాటితో కాగితం రాదా?

వస్తుంది. వెదురు, చెరకు పిప్పి, వరిగడ్డి, గోధుమగడ్డి, హెంప్, పత్తి. పత్తిలో సెల్యులోజ్ 90 శాతం పైనే, అందుకే చాలా దేశాల్లో కరెన్సీ నోట్లకు పత్తి పీచే వాడతారు.

## తెలుపు సంగతి

కర్ర గోధుమరంగులో ఉంటుంది కదా, కాగితం తెల్లగా ఎలా వస్తుంది? తెల్ల రంగు వేస్తారా?

ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. ఎక్కువమంది పొరబడేదీ ఇక్కడే. రంగు వేయడం వల్ల కాగితం తెల్లబడదు. అసలు శుభ్రమైన సెల్యులోజ్‌కు రంగే లేదు, తెలుపు కూడా కాదు. ఒక్క పీచును మైక్రోస్కోప్ కింద చూస్తే గాజుపోగులా పారదర్శకంగా కనిపిస్తుంది.

మరి తెలుపు ఎక్కడిది? గాజు పలకలోంచి అవతలిది కనిపిస్తుంది. అదే గాజును మెత్తగా నూరితే తెల్లటి పొడి అవుతుంది. పంచదార పలుకు ఒక్కటే అయితే స్ఫటికం, కుప్ప పోస్తే తెలుపు. మంచు, నురగ, మేఘం అన్నీ అంతే. వెలుతురు గాలిలోంచి గాజులోకి, గాజులోంచి గాలిలోకి దాటే ప్రతిచోటా కొంత వంగుతుంది, కొంత వెనక్కి తిరుగుతుంది. అలాంటి అంచులు వేలకు వేలు ఉంటే వెలుతురు అటూ ఇటూ చెదిరి, చివరికి అన్ని రంగులూ సమానంగా బయటికి వచ్చేస్తాయి. అన్ని రంగులూ కలిసి మన కంటికి చేరితే అదే తెలుపు. కాగితంలో పీచుకూ పీచుకూ మధ్య బోలెడంత గాలి ఉంటుంది. ఆ గాలి లేకపోతే కాగితం తెల్లగా ఉండదు.

అలాంటప్పుడు మిల్లులో చేసే పనేంటంటే, అడ్డొచ్చేవాటిని తీసేయడం. కర్రలో పీచును పట్టి ఉంచే లిగ్నిన్, దాని నుంచి పుట్టిన రంగు పదార్థాలు నీలి వెలుతురును మింగేస్తాయి. నీలం పోతే మిగిలేది పసుపు, గోధుమ. వాటిని కరిగించి, బ్లీచ్ చేసి, కడిగేస్తే పీచు తన సహజమైన రంగులేనితనంతో మిగులుతుంది. వెలుతురు మిగతా పని చేస్తుంది.

నూనె పడితే కాగితం ఆ మేరకు పారదర్శకంగా ఎందుకు మారుతుంది?

పీచు మధ్య ఉన్న గాలి స్థానంలోకి నూనె వెళ్తుంది కాబట్టి. వెలుతురు వంగే కొలత గాలికి 1, సెల్యులోజ్‌కు 1.5 దగ్గర, వంటనూనెలకు 1.47 దగ్గర. గాలికీ పీచుకూ మధ్య తేడా ఎక్కువ కాబట్టి వెలుతురు చెదిరి తెల్లగా కనిపిస్తుంది. నూనెకూ పీచుకూ తేడా దాదాపు లేదు కాబట్టి చెదరకుండా నేరుగా దాటిపోతుంది. నీళ్లకు ఆ కొలత 1.33, అందుకే తడి కాగితం కొంతే పారదర్శకమవుతుంది. ఆరితే గాలి తిరిగొస్తుంది, తెలుపూ తిరిగొస్తుంది. నూనె ఆరదు, మరక ఉండిపోతుంది.

మొదటి నుంచీ కాగితం తెల్లగానే ఉండేదా?

లేదు. పాత కాగితాలు చాలావరకు మీగడ రంగులోనో, లేత గోధుమరంగులోనో ఉండేవి. చైనాలో కొన్నిటికి కావాలనే పసుపు రంగు వేసేవారు. హువాంగ్‌బో అనే చెట్టు బెరడు రసం పట్టిస్తే కాగితం పచ్చబడేది, పురుగులు కూడా దూరంగా ఉండేవి. 868లో అచ్చయిన వజ్రసూత్రం అనే బౌద్ధ గ్రంథం, తేదీ ఉన్న అచ్చు పుస్తకాల్లో మనకు దొరికిన అతి పాతది, అలా పసుపు వేసిన కాగితం మీదే ఉంది.

బ్లీచింగ్ అంటే క్లోరిన్ వాడటమేనా? అది ప్రమాదం కదా?

ఒకప్పుడు క్లోరినే. అంతకుముందు బట్టలను నెలల తరబడి ఎండలో పరిచి, బూడిదనీళ్లు, పులిసిన మజ్జిగ పట్టించి తెల్లబరిచేవారు. స్వీడన్ రసాయన శాస్త్రవేత్త షేలె 1774లో క్లోరిన్ వాయువును తయారుచేశాడు, ఫ్రెంచి శాస్త్రవేత్త బెర్తొలే 1785లో దానితో బట్టను తెల్లగా చేసి చూపాడు, చార్లెస్ టెన్నంట్ 1799లో బ్లీచింగ్ పౌడర్‌కు పేటెంట్ తీసుకున్నాడు. నెలల పని గంటల్లోకి వచ్చింది. రంగు పేలికలు కూడా తెల్ల కాగితానికి పనికొచ్చాయి.

భయపడాల్సిన విషయం 1980ల్లో బయటపడింది. క్లోరిన్ వాయువు కర్రలోని లిగ్నిన్‌తో కలిసినప్పుడు డయాక్సిన్లు పుడుతున్నాయని, మిల్లుల నుంచి వదిలే నీళ్లలో చేరుతున్నాయని తేలింది. డయాక్సిన్లు చాలా కొద్ది మోతాదులోనే విషం, శరీరంలో పేరుకుంటాయి. దాంతో చాలా దేశాల్లో మిల్లులు పద్ధతి మార్చుకున్నాయి. ముందు ఆక్సిజన్‌తో లిగ్నిన్ చాలావరకు తీసేసి, తర్వాత క్లోరిన్ వాయువు బదులు క్లోరిన్ డయాక్సైడ్ వాడతారు. పేరు దగ్గరగా ఉన్నా అది పనిచేసే తీరు వేరు, డయాక్సిన్లు దాదాపు పుట్టవు. హైడ్రోజన్ పెరాక్సైడ్, ఓజోన్‌లతో క్లోరిన్ జోలికే పోకుండా బ్లీచ్ చేసే మిల్లులూ ఉన్నాయి. చేతిలో ఉన్న నోటుబుక్కు గురించి టెన్షన్ పడక్కర్లేదు. అడగాల్సింది ఆ మిల్లు నీళ్లను ఎలా శుద్ధి చేస్తోందని.

కొన్ని కాగితాలు కళ్లు జిగేల్‌మనేంత తెల్లగా, కొంచెం నీలంగా ఉంటాయి. ఏం కలుపుతారు?

ఆప్టికల్ బ్రైటెనర్లు. ఇవి మన కంటికి కనిపించని అతినీలలోహిత కిరణాలను పీల్చుకుని, కనిపించే నీలి వెలుతురుగా బయటికి పంపుతాయి. కాగితంలో మిగిలిన కొద్దిపాటి పసుపును ఆ నీలం కప్పేస్తుంది. ఉతికిన తెల్ల బట్టకు నీలిమందు పెట్టడం లాంటిదే, కాకపోతే నీలిమందు వెలుతురును కొంత తగ్గిస్తుంది, ఇవి పెంచుతాయి. అందుకే ఇలాంటి కాగితాల బ్రైట్‌నెస్, అంటే పడిన నీలి వెలుతురులో ఎంత శాతం తిరిగి వస్తుందన్న కొలత, 100 కూడా దాటుతుంది. దొంగనోట్లు పట్టే అతినీలలోహిత దీపం కింద మామూలు ఆఫీసు కాగితం పెట్టి చూడండి, నీలంగా వెలిగిపోతుంది. కరెన్సీ నోటు కాగితం అలా వెలగదు, ఎందుకంటే దానిలో బ్రైటెనర్లు వేయరు.

కాగితంలో సుద్ద, మట్టి కలుపుతారంటే నమ్మొచ్చా?

నమ్మొచ్చు, అది కల్తీ కాదు. రాసుకునే, ప్రింట్ తీసుకునే కాగితంలో ఐదో వంతు దాకా, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ, కాల్షియం కార్బొనేట్ అంటే సుద్ద పొడి, లేదా కెయొలిన్ అనే తెల్ల బంకమన్ను ఉంటుంది. పీచు సందుల్లో చేరి వెలుతురును ఇంకా చెదరగొడుతుంది, వెనక పేజీ అక్షరాలు ఇటు కనిపించకుండా ఆపుతుంది, పైభాగాన్ని నున్నగా చేస్తుంది. పీచు కంటే చవక కూడా.

అసలు తెలుపే ఎందుకు? లేత ఆకుపచ్చో, పసుపో మామూలు రంగు ఎందుకు కాలేదు?

పెద్ద కారణం ఇంకు. నల్లటి అక్షరం ఏ లేత రంగు మీదైనా చదవగలం కానీ, తెలుపు మీద తేడా అన్నిటికంటే ఎక్కువ. రంగుల బొమ్మ అయితే తెలుపు తప్పనిసరి. మామూలు ప్రింటర్‌లో తెల్ల ఇంకు ఉండదు. నీలి, గులాబీ, పసుపు, నలుపు ఇంకులు పలుచని రంగు అద్దాల్లాంటివి. వెలుతురు వాటిలోంచి దిగి, కాగితం మీద పడి, తిరిగి వాటిలోంచే బయటికి వస్తుంది. ఫొటోలో మీకు కనిపించే తెల్లటి మబ్బు నిజానికి ఇంకు పడని కాగితమే. కాగితం పచ్చగా ఉంటే బొమ్మలో ప్రతి రంగూ పచ్చబడుతుంది.

మిగతాది అలవాటు. లండన్ నుంచి వచ్చే ఫైనాన్షియల్ టైమ్స్ 1893 నుంచి లేత గులాబీ కాగితం మీదే వస్తోంది, పాఠకులు బాగానే చదువుతున్నారు.

ఎంత తెల్లగా ఉంటే అంత మంచి కాగితం అన్నమాటేనా?

కాదు. కాగితం కొనేటప్పుడు తెలుపు చూసి మోసపోవద్దని గట్టిగా చెబుతాను. బలం పీచు పొడవును బట్టి, దంచిన తీరును బట్టి వస్తుంది. ఎన్నాళ్లు నిలుస్తుందన్నది అందులో ఆమ్లం ఉందా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది. మందం, బరువు చూడాలంటే జీఎస్ఎం చూడాలి, అంటే ఒక చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములన్నది. ఏ0 సైజు సరిగ్గా ఒక చదరపు మీటరు, దాన్ని పదహారు భాగాలు చేస్తే ఏ4. అందుకే 80 జీఎస్ఎం ఏ4 కాగితం ఒక్కోటి 5 గ్రాములు తూగుతుంది. గంటల తరబడి చదివే పుస్తకానికి మీగడ రంగు కాగితమే నాకు హాయిగా ఉంటుంది. చాలామంది ప్రచురణకర్తలు కథలు, నవలలు దానిమీదే వేస్తారు.

## పాతబడ్డాక

న్యూస్‌పేపర్ రెండు రోజులు ఎండలో పెడితే పచ్చబడుతుంది, నోటుబుక్కు అంత త్వరగా పచ్చబడదు. ఎందుకు?

న్యూస్‌పేపర్‌లో లిగ్నిన్, అంటే కర్రలో పీచును పట్టి ఉంచే పదార్థం, ఎక్కువగా ఉంటుంది. ఎండ, గాలిలోని ఆక్సిజన్ తగిలితే అది మారిపోయి, నీలి వెలుతురును మింగే పదార్థాలను పుట్టిస్తుంది. ఒక పేపరు మీద నాణెం పెట్టి కొన్నాళ్లు ఎండ తగిలే కిటికీలో ఉంచండి, నాణెం కింద ఉన్న గుండ్రం తెల్లగానే మిగులుతుంది.

తాతలనాటి పుస్తకం తీస్తే పేజీలు విరిగిపోతున్నాయి. కానీ మ్యూజియంలో 400 ఏళ్ల పుస్తకాలు బాగానే ఉన్నాయి. ఎలా?

కాలం ఒక్కటే కారణం కాదు, తయారీ అసలు కారణం. 400 ఏళ్ల పుస్తకం పాత గుడ్డపేలికల కాగితం, పైన జంతువుల చర్మం నుంచి తీసిన జెలటిన్ పూత. 1807లో జర్మనీకి చెందిన మోరిట్జ్ ఇల్లిగ్ ఇంకు పాకకుండా చేయడానికి సులువైన దారి చెప్పాడు. చెట్టు బంక నుంచి తీసిన రోజిన్, పటికలాంటి అల్యూమినియం లవణం గుజ్జులోనే కలిపేయడం. చవక, యంత్రానికి అనువు, అందరూ అదే పట్టుకున్నారు. కానీ ఆ లవణం తేమతో కలిసి ఆమ్లాన్ని పుట్టిస్తుంది. ఆ ఆమ్లం సెల్యులోజ్ గొలుసులను ఏళ్ల తరబడి నెమ్మదిగా తెంపుతుంది. 19వ శతాబ్దం మధ్య నుంచి 20వ శతాబ్దం చివరి దాకా అచ్చయిన కోట్ల పుస్తకాలకు పట్టిన జబ్బు ఇదే. ఎన్ని మంచి పుస్తకాలు ఇలా పొడి అయిపోయాయో తలుచుకుంటే బాధేస్తుంది.

సుద్ద పొడి కలిపిన ఇప్పటి కాగితంలో ఆ బెడద తక్కువ, సుద్ద క్షారం కాబట్టి ఆమ్లాన్ని విరిచేస్తుంది. పుస్తకం ఎక్కువకాలం ఉండాలనుకుంటే ఐఎస్ఓ 9706 ప్రమాణానికి సరిపోయే కాగితం అడగండి.

పచ్చబడ్డ పాత పేజీలను ఇంట్లో బ్లీచ్ చేసి తెల్లగా మార్చొచ్చా?

దయచేసి చేయొద్దు. బ్లీచ్ రంగుతో పాటు పీచును కూడా తినేస్తుంది, ఇంకు చెదిరిపోతుంది. పసుపును అలాగే ఉండనిచ్చి, పుస్తకాన్ని ఎండకు, తేమకు, వేడికి దూరంగా పెట్టండి. విలువైనదైతే పుస్తక సంరక్షణ తెలిసినవాళ్లకు చూపించండి.

రీసైకిల్ కాగితం కొంచెం బూడిదరంగులో ఎందుకు ఉంటుంది? ఎన్నిసార్లు రీసైకిల్ చేయొచ్చు?

ఇంకు పూర్తిగా పోదు కాబట్టి. నానబెట్టిన పాత కాగితం గుజ్జులోకి గాలి బుడగలు వదులుతారు. ఇంకు రేణువులు బుడగలకు అంటుకుని నురగతో పైకి తేలితే, ఆ నురగను తీసేస్తారు. మరీ సన్నటి రేణువులు మిగిలిపోయి గుజ్జుకు బూడిదరంగు ఇస్తాయి. ఇది కొత్త ఆలోచన కాదు, జర్మనీకి చెందిన న్యాయవేత్త యుస్టుస్ క్లాప్రోట్ 1774లోనే అచ్చు కాగితం నుంచి ఇంకు తీసి మళ్లీ కాగితం చేయించాడు.

తిప్పిన ప్రతిసారీ పీచు పొట్టిదై, గట్టిబడి, అతుక్కునే గుణం తగ్గుతుంది. మామూలుగా 5 నుంచి 7 సార్లు అంటారు. అందుకే కొత్త పీచు కొంత కలుపుతూ ఉండాలి.

ఇంట్లో కాగితం చేసి చూడొచ్చా? అది తెల్లగా వస్తుందా?

తప్పకుండా చేయండి. ఇంకు లేని పాత కాగితాలను చిన్న ముక్కలు చేసి రాత్రంతా నానబెట్టండి. మర్నాడు ఎక్కువ నీళ్లతో మిక్సీలో తిప్పి, వెడల్పాటి తొట్టిలో పోసి, ఇంకా నీళ్లు కలపండి. గుజ్జు పలుచగా ఉండాలి. మిల్లు యంత్రంలో కూడా తెరమీద పడే గుజ్జులో 99 శాతం దాకా నీళ్లే ఉంటాయి. చెక్క చట్రానికి సన్నటి దోమల జాలీ బిగించి, తొట్టిలో ముంచి, అడ్డంగా పట్టుకుని పైకి తీయండి. నీళ్లు కారుతుండగానే కొంచెం అటూ ఇటూ కదిపితే పీచు ఒకదానిలో ఒకటి పెనవేసుకుంటుంది. తర్వాత పాత బట్టమీద బోర్లించి, పైనుంచి నొక్కి, ఆరనివ్వండి.

తడిగా ఉన్నప్పుడు అది బూడిదరంగులో, సగం పారదర్శకంగా కనిపిస్తుంది. నేను మొదటిసారి చేసినప్పుడు పని చెడిపోయిందనుకున్నాను. ఆరుతున్నకొద్దీ ముందు అంచులు, తర్వాత మధ్యభాగం తెల్లబడుతూ వస్తుంది. నీళ్లు వదిలిన సందుల్లోకి గాలి చేరుతోందన్నమాట. బాగా ఆరాక కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూడండి, పీచు ఎటు వాలిందో, ఎక్కడ ముద్దగా పడిందో, ఎక్కడ పలుచబడిందో అంతా కనిపిస్తుంది.